పాండురంగయ్యను ఎరగని ఊరు

మా పెద్దమ్మ తులసమ్మ నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఇంట్లో ఉప్పు అయిపోతే చప్పిడి కూడు తింటుంది గానీ పక్కింటి వాకిట్లో నిలబడదు. అలాంటి మనిషి ఏకంగా గవర్నరుకే అర్జీ పెట్టింది. జైల్లో ఉన్న తన భర్తను క్షమించి వదిలిపెట్టమని.

ఆ అర్జీ ఏ దారిన పోతుందో, ఎక్కడో విజయవాడలో కూర్చున్న పెద్దమనిషి మా ఊరి మనిషిని క్షమించాలా వద్దా అని ఎలా తేల్చుకుంటాడో తెలుసుకోవాలని నాకు భలే కుతూహలంగా ఉండేది. పెద్దమ్మకు అదేమీ లేదు. మనిషి ఇంటికి రావాలి, అంతే.

పెద్దమ్మ పుట్టిల్లు గోస్పాడు పక్క పల్లె. పెళ్ళయి ఆళ్ళగడ్డ దగ్గరున్న మా ఊరికి వచ్చింది. పిల్లలు కలగలేదు. పెద్దనాయన పాండురంగయ్యకు కేసీ కాలువ కింద మూడెకరాల మాగాణి ఉంది. దానికి పైన బాలస్వామి అనే ఆయన పొలం. ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చొని సద్ది తినేవాళ్ళు. కాలువ నీళ్ళు వంతుల ప్రకారం పారతాయి. వంతు అయిపోయిన మనిషి తన మడి నోటికి మట్టి వేసి, నీళ్ళను కింది మడికి తిప్పాలి. దాన్నే మడవ కట్టడం అంటారు. ఒక ఏడాది నాట్ల రోజుల్లో పెద్దనాయన వంతు వచ్చినా నీళ్ళు రాలేదు. పైకి పోయి చూస్తే మడవ ఇంకా బాలస్వామి మడిలోకే తెరిచి ఉంది. మాటా మాటా పెరిగింది. పెద్దనాయన చేతిలో పార ఉంది. దాన్ని తిరగేసి ఒక్క దెబ్బ కొట్టాడు. నంద్యాల ఆస్పత్రికి చేరేలోగా బాలస్వామి ప్రాణం పోయింది.

ఆ పూట చుట్టుపక్కల మళ్ళలో ఊరివాళ్ళు చాలామందే ఉన్నారట. కోర్టులో మాత్రం ఎవరూ ఏమీ చూడలేదు. మా వైపు పాత తగాదాల కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది. పోలీసులకు ఒక్క మాట చెప్పినా ఏదో ఒక పక్షం పట్టినట్లే లెక్క. అందుకని ఎవరు వచ్చి ఏం అడిగినా తెలీదు అనాలని పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. మా ఊళ్ళో అది అబద్ధం కాదు, మర్యాద. ఆ మర్యాద పాటించని మనిషి ఒక్కతే. ఆమె బాలస్వామి భార్య ఉమామహేశ్వరమ్మ. సద్ది తీసుకొని పొలానికి వస్తూ అంతా కళ్ళారా చూసింది. చూసింది చూసినట్లు కోర్టులో చెప్పింది. ఆమె మాట మీదే పెద్దనాయనకు యావజ్జీవం పడింది.

అప్పటి నుంచి ఆ మూడెకరాలూ పెద్దమ్మే సేద్యం చేసుకుంటూ వచ్చింది. పై పొలం ఉమామహేశ్వరమ్మ చేసుకుంటుంది. ఇద్దరికీ మాటలు లేవు. కానీ నీళ్ళకు మాట అవసరం కదా. తన వంతు అయిపోగానే ఉమామహేశ్వరమ్మ గట్టు మీద ఒక పచ్చి కొమ్మ గుచ్చి వెళ్ళిపోతుంది. పెద్దమ్మ ఆ కొమ్మ చూసి మడవ తిప్పుకుంటుంది. పద్నాలుగేళ్ళు ఇలాగే నడిచింది. పెద్దమ్మ చెల్లెలి కూతురినైన నేను ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో ఆపేసి ఈ ఊరికి ఆమెకు తోడుగా వచ్చినప్పుడు ఆ కొమ్మలు ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే, "నీళ్ళు ఇడిసినారని గుర్తు" అంది. ఎవరు ఇడిసినారో చెప్పలేదు. అది నేనే మెల్లగా కనుక్కున్నాను.

కడప జైలుకు ములాఖత్‌కు పోయినప్పుడే అక్కడి అధికారి అర్జీ సంగతి చెప్పాడు. ఇన్నేళ్ళలో పాండురంగయ్య మీద ఒక్క మచ్చ కూడా లేదనీ, జైలు తోటలో కూరగాయలు పండిస్తాడనీ, అడిగి చూడండనీ అన్నాడు. జాలీకి అవతల ఉన్న పెద్దనాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"వద్దులేవే. ఊర్లోకి ఏ మొగం పెట్టుకొని వచ్చేది?"

"ఉన్న మొగమే పెట్టుకొని రా. ఇంకొకటి యాడ తెస్తావ్?" అంది పెద్దమ్మ.

జైలు వాళ్ళే అర్జీ రాయించి పైకి పంపారు. మీ జిల్లా నుంచి విచారణకు ఎవరో ఒకరు వస్తారని చెప్పి మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు.

ఆ వచ్చే మనిషి కోసం రెండు నెలలు ఎదురుచూశాం. ఒకరోజు మేమిద్దరం కలుపు తీసి ఇంటికి వచ్చేసరికి ఆదినారాయణ చిన్నాయన మా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పెద్దనాయనకు తమ్ముని వరస. మొహం వెలిగిపోతోంది.

"వదినా, నువ్వేం బయపడాకు. మేము చూసుకున్న్యాంలే."

"ఏందప్పా చూసుకునింది?"

"మధ్యాన్నం ఎవురో ఆయప్ప బండి మింద వచ్చినాడు. చేతిలో ఫైలు. టీ అంగడికాడ ఆపి, పాండురంగయ్య ఇల్లు యాడ అన్న్యాడు. మొగం చూస్తానే కనుక్కున్న్యా, గవర్నమెంటోడని. ఏ పాండురంగయ్య? అట్లాంటి మనిసి మా ఊర్లోనే లేడు అన్న్యా."

పెద్దమ్మ చేతిలో తట్ట అలాగే ఉంది.

"సరే, ఆయన భార్య తులసమ్మ యాడుంటాది అన్న్యాడు. అంగడి సురేష్ గాడు ఉండాడే, వాడు తగులుకున్న్యాడు. తులసమ్మ తెలీదు సార్, తులసిచెట్టు అయితే గుడికాడ ఉంది అని." చిన్నాయన తొడ చరుచుకొని నవ్వాడు. "రచ్చబండ కాడ అడిగినాడు, మిల్లు కాడ అడిగినాడు. ఊరంతా ఒకే మాట వదినా. ఒక్కడంటే ఒక్కడు జారలే. ఊర్లో ఎవురికన్నా ఆయన మింద పగ ఉండాదా అని గూడా అడిగినాడు. పగలా? మా ఊర్లో ఆ పంటే పండదు సార్ అని పంపిచ్చినాం."

పెద్దమ్మ తట్ట కింద పెట్టి, దాని పక్కనే తానూ కూలబడింది.

"ఆయప్ప వచ్చింది మీ అన్నను ఇడిపించడానికప్పా!"

చిన్నాయన నవ్వు సగంలో ఆగిపోయింది. "యాడన్నా ఇడిపించడానికి వస్తారా వదినా? పట్టుకపోవడానికి గదా వచ్చేది?" అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు. మా ఊరికి మంచి కోరి ఫైలు పట్టుకొని వచ్చిన మనిషిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి నంద్యాల పోయాం. ఆ అధికారి పేరు అజయ్ కుమార్. ప్రొబేషన్ ఆఫీసరు. చిన్నవాడే, ముప్పై దాటి ఉండవు. పెద్దమ్మ పేరు చెప్పగానే తలెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీరు నిజంగా ఆ ఊరివాళ్ళేనా అమ్మా? మీ ఆయనే కాదు, మీరు కూడా ఎవరికీ తెలీదన్నారు."

నాకు నవ్వు వచ్చింది. చున్నీ అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మ నవ్వలేదు.

"మావోళ్ళు మంచికే చేసినారు సార్. అట్లా అలవాటైపోయింది."

ఆయన కోప్పడలేదు. తాను రాయాల్సింది ఏమిటో ఓపికగా చెప్పాడు. ఈ మనిషి బయటికి వస్తే ఊళ్ళో మళ్ళీ గొడవలు లేస్తాయా? ఆయనకు గానీ, ఆయన వల్ల ఇంకొకరికి గానీ ముప్పు ఉందా? ఏం చేసుకొని బతుకుతాడు? ఊళ్ళో ఆయన్ను ఎరిగినవాళ్ళు, సొంతవాళ్ళు కానివాళ్ళు, ఏమంటున్నారు? చనిపోయినాయన ఇంటివాళ్ళు ఏమంటున్నారు? ఇవన్నీ కావాలట. నేను గవర్నరు అంటే ఒక్క మాటతో తేల్చేస్తాడు అనుకున్నాను. తీరా చూస్తే ఆయన మా ఊరి మాట కోసమే కాచుకొని ఉన్నాడన్నమాట. ఆ ఊరేమో నోరు కట్టేసుకొని కూర్చుంది.

"పై వారం ఇంకొక్కసారి వస్తాను. అప్పుడు కూడా తెలీదంటే, ఊళ్ళో ఆయనకు ఆదరణ లేదని రాసి పంపాల్సి వస్తుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా" అన్నాడు.

ఆ వారమంతా పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఉప్పు కూడా అడగని మనిషి. నేను వెనకాలే పోయి, మాట్లాడకుండా నిలబడేదాన్ని. అలాంటి బేరం నేను ఎప్పుడూ వినలేదు. భర్త హత్య చేశాడని చెప్పండప్పా అని భార్య బతిమాలుతోంది. ఊరివాళ్ళు ససేమిరా అంటున్నారు.

"కొట్టినాడు, తప్పే, ఇప్పుడు మంచిగయినాడు అని చెప్పండి. అంతే సాలు."

"ఎట్ల చెప్తామక్కా?" అన్నాడు టీ అంగడి సురేష్. తులసిచెట్టు మాట అన్నందుకు సిగ్గుపడుతూ మాకు రెండు టీలు ఇచ్చాడు. "మా నాయన కోర్టులో బోనెక్కి నేను చూడలేదని చెప్పినాడు. ఇప్పుడు నేను కొట్టినాడంటే మా నాయన అబద్ధాలోడు అయిపోడా?"

"అయితే కొట్టిన సంగతి ఎత్తాకు. మారినాడని చెప్పు."

"కొట్టనోడు మారేదేందక్కా?"

ఆదినారాయణ చిన్నాయన ఇంకో ఎత్తు వేశాడు. "మంచోడు అని మాత్రం చెప్తాం వదినా. పుట్టినప్పట్నుంచి మంచోడే అని."

"మంచోడైతే జైల్లో ఏం జేస్తాండాడని అడుగుతాడప్పా!"

"అది మాకు తెలీదు అంటాం."

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంది, కొంగుతో మొహం తుడుచుకుంది, మళ్ళీ చెప్పులు తొడుక్కుంది. "ఇంక ఉండేది ఒక్క ఇల్లే" అంది. ఏ ఇల్లో నేను అడగలేదు.

చంపిన ఇంటివాళ్ళు చచ్చిన ఇంటి గడప తొక్కరు, ఆ ఇంటి నీళ్ళు ముట్టరు. పెద్దమ్మ వీధిలోనే, ఉమామహేశ్వరమ్మ వాకిలికి ఎదురుగా నిలబడింది. ఆమె పశువులపాకలో బర్రెకు మేత వేస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మెడ తిప్పకుండానే మనిషిని పసిగడుతుంది.

"ఎవురూ?"

"నేనక్కా, తులసమ్మను."

ఆమె ఉన్న మేతంతా వేసింది. తర్వాత చేతులు దులుపుకొని వాకిట్లోకి వచ్చింది.

"విన్న్యాలే. నీ మొగుడు ఎవురికీ తెలీదంట గదా ఊర్లో."

"అవునక్కా."

"నా మొగుడు ఎట్ల సచ్చినాడో గూడా ఈ ఊర్లో ఎవురికీ తెలీదు. అప్పుడు నాకు ఎట్లుండెనో ఇప్పుడు తెల్సిందా?"

"తెల్సిందక్కా."

"ఏం కావాల నీకు?"

"ఆ ఆఫీసరు మళ్ళా వస్తాడు. నీ కాడికీ వస్తాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పు."

"ఉన్నది చెప్తే నీ మొగుడు రాడు."

"రాకపోతే రాకపాయె. తెలీదని మాత్రం అనాకు."

ఉమామహేశ్వరమ్మకు కోపం వచ్చింది. "ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడన్నా ఇన్న్యావా నువ్వు?" అని, చీపురు తీసుకొని ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్వసాగింది. అది పొమ్మనడమే అని మాకు అర్థమైంది.

దారిలో ఆపుకోలేక అడిగాను. "క్షమించమని ఎందుకు అడగలేదు పెద్దమ్మా?"

"అడిగితే కాదంటాది. ల్యాకుంటే నా మొగం చూసి ఊ అంటాది. రెండూ నాకొద్దు."

అజయ్ కుమార్ చెప్పిన ప్రకారమే వచ్చాడు. ఆయన బండి చప్పుడు వినగానే ఊళ్ళోవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ సర్దుకున్నారు. సురేష్ అంగడి మూసి ఆళ్ళగడ్డకు పాలకని పోయాడు. మా ఇంట్లో పెద్దమ్మతో మాట్లాడాక, బాలస్వామి ఇల్లు చూపించమని అడిగాడు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను ముందు నడిచాను. వాకిట ఆగిపోతే, ఉమామహేశ్వరమ్మే పిలిచింది.

"నువ్వు ఆ ఇంట్లో పుట్టిన పిల్లవు కాదు గదా. లోపలికి రా. ఈ సారు రాసేది సదివి చెప్పేదానికి ఒకరుండాల."

ఆయన మంచం మీద, నేను గుమ్మానికి ఆనుకొని కింద కూర్చున్నాం. ఆమె నిలబడే చెప్పింది. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పింది. సద్దిగిన్నెలో ఏముందో, తాను ఎక్కడి నుంచి కేక వేసిందో కూడా. గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఇన్నేళ్ళుగా మనసులో రోజూ నడిచిన దారిలా ఉంది ఆ మాట తీరు. అంతా చెప్పి, "అంతకు ముందు ఆయప్ప చెడ్డోడు కాదు" అంది. "మా ఆయనకు కామెర్లు వచ్చిన ఏడు మా మడి గూడా దున్ని పెట్టినాడు. అదీ రాసుకో."

"ఆయన విడుదలైతే మీకేమైనా భయం ఉందా అమ్మా?"

"నాకా? ఆయప్పకే నేనంటే బయం. కోర్టులో ఒక్కపారి గూడా నా తట్టు చూడలే."

"వస్తే ఏం చేసుకొని బతుకుతాడు?"

"సేద్యం. అది తప్ప ఇంకేమొచ్చు?"

ఆయన రాసింది నా చేతికి ఇచ్చాడు. నేను చదవడం మొదలుపెట్టాను. మొదట్లో నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా సదువు పాపా అంది. చివరి వాక్యానికి వచ్చాను. ఖైదీ విడుదలకు తనకు ఎటువంటి అభ్యంతరం లేదని తెలియజేసినది.

"ఆగు. నేను ల్యాదని ఎప్పుడన్న్యా?"

అజయ్ కుమార్ కంగారుపడ్డాడు. "భయం లేదన్నారు కదమ్మా."

"బయం ల్యాదు. అభ్యంతరం ఉండాది. నా మొగున్ని సంపినోడు నా కండ్ల ముందర తిరుగుతాంటే నాకు ఉండదా?"

పెద్దమ్మ ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చొని ఉంటుంది. ఈ ఒక్క మాటతో అంతా అయిపోయింది అనుకున్నాను.

"అయితే విడుదల చేయొద్దని రాయమంటారా?" అన్నాడు ఆయన మెల్లగా.

"అదెప్పుడన్న్యా? అభ్యంతరం ఉండాది. ఉన్నా గానీ రానీ. అట్ల రాయి."

"రెండూ ఎలా రాసేదమ్మా? ఉందంటే పై వాళ్ళు ఆపేయొచ్చు."

"ఎట్ల రాస్తావో నీ ఇష్టం. సదువుకున్నోనివి." ఆమె కాగితం వైపు చెయ్యి చూపింది. "ఆ తులసమ్మకు వయసైపోయింది. మొన్న మడవ కట్టలేక నీళ్ళలోనే కూలబడింది. పైనుంచి చూస్తాండా. లేపుదామంటే పోలేను, చూస్తా ఉండలేను. నా మొగుడు ఎట్లా రాడు. ఆయమ్మ మొగుడు వచ్చే దావ ఉంటే రానీ. క్షమించేది గవర్నరు పని, అది నన్ను అడగాకు."

పెద్దమ్మ పడిపోయిన సంగతి నాకే తెలియదు. చెప్పలేదు.

ఆయన పాత వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఆమె అన్న మాటలు అన్నట్లే రాశాడు. నేను మళ్ళీ చదివాను. ఆమె తలూపి, అక్షరాలు కూడబలుక్కుంటూ తన పేరు పొడుగ్గా రాసింది.

ఇంటికి పోయి పెద్దమ్మకు ఉన్నదున్నట్లు చెప్పాను. అభ్యంతరం ఉంది అన్న మాట దగ్గర నా నోరు తడబడింది. పెద్దమ్మ మాత్రం, "ఉండదా మరి" అంది. తర్వాత మొహం పొయ్యి వైపు తిప్పుకుంది.

ఆగస్టు పదిహేనుకు వచ్చిన విడుదల జాబితాలో పెద్దనాయన పేరు లేదు. ఆమె మాట వల్లే ఆగిందో, ఊరు మూగపోయినందుకు ఆగిందో, వేరే కారణమో ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ ఉమామహేశ్వరమ్మను ఒక్క మాట అనలేదు, నన్నూ అననివ్వలేదు. వరి కోసింది, శనగ వేసింది. జనవరిలో కడప జైలు నుంచి ఫోన్ వచ్చింది. రిపబ్లిక్ డే జాబితాలో పేరు ఉందన్నారు. ఈసారి పేరు ఎవరి వల్ల చేరిందో అదీ తెలుసుకోలేకపోయాను. అజయ్ కుమార్‌ను అడిగితే, "మీ ఊరి నుంచి పోయిన కాగితం ఒకటి పైన చాలామంది చదివారని విన్నాను" అని మాత్రం అన్నాడు.

కడప నుంచి వస్తుంటే బస్సులో పెద్దనాయన కిటికీ పక్కన ఇరుక్కొని కూర్చున్నాడు. మైదుకూరు దాటాక అడిగాడు.

"నా గురించి మంచిగా చెప్పిందెవురే?"

"మంచిగా ఎవురూ చెప్పలే. ఉన్నది ఉమక్క చెప్పింది."

చాగలమర్రి వచ్చేదాకా ఆయన కిటికీ చువ్వ పట్టుకొని కూర్చున్నాడు. ఆళ్ళగడ్డలో ఆటో ఎక్కబోతూ, "చెరువుకట్ట మింద నుంచి పోదాం. వీధిలో నుంచి వద్దు" అన్నాడు. పెద్దమ్మ ఆటో అబ్బాయికి వీధి పేరే చెప్పింది. ఊరి మొదట్లోనే ఆటో ఆపి, నడుచుకుంటూ పోదాం దిగమంది.

మిట్టమధ్యాహ్నం. ఉమామహేశ్వరమ్మ అరుగు మీద కూర్చొని చేటలో కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట ఆపింది. పెద్దనాయన కాళ్ళు కూడా ఆగిపోయాయి. రెండు చేతులూ ఏం చేయాలో తెలియనట్లు ముందుకు లేచి, మళ్ళీ పక్కలకు పడిపోయాయి. ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆమె ఆయన్ను తల నుంచి కాళ్ళదాకా, కాళ్ళ నుంచి తలదాకా చూసింది. అంతసేపు ఒక మనిషిని ఇంకో మనిషి చూడడం నేను అంతకు ముందు చూడలేదు. కోపం కోసం వెతికాను, జాలి కోసం వెతికాను. ఆ మొహంలో నాకేదీ దొరకలేదు.

తర్వాత ఆమె ఆయనతో కాకుండా పెద్దమ్మతో అంది.

"ఏమే తులసీ, పండ్లన్నీ ఊడిపోయినాయే ఈయప్పకు."

ఇన్నేళ్ళలో ఆమె తనంత తానుగా పెద్దమ్మను పలకరించడం అదే మొదలు.

"ముందరియ్యే అక్కా. దవడ పండ్లు ఉండాయి" అంది పెద్దమ్మ.

పెద్దనాయన గబుక్కున నోరు మూసుకున్నాడు. ఉమామహేశ్వరమ్మ చేట ఎత్తి మళ్ళీ చెరగసాగింది. పొట్టు గాలికి లేచి వీధిలోకి, మా కాళ్ళ మీదికి వచ్చి పడింది.